గాలిదుప్పటి గొంతు

“అరిచే పని అంటున్నావు. అరిచీ అరిచీ ఒకరోజు గొంతు పట్టేసి ఇక మాటే రాకపోతే, అప్పుడేం చేస్తావే?”

మా అమ్మాయి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. అవకాశం వచ్చిందన్న మాట దాని నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే నేను అడిగిన ప్రశ్న ఇది. నా సంగతి అంతే. ఫోన్ మోగితే ఆస్పత్రి నుంచేమో అనుకుంటాను. తలుపు కొడితే పోలీసులేమో అనుకుంటాను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు తెలియనివి లోకంలో చాలా ఉన్నాయి. తెలియని ప్రతిదాంట్లోనూ నాకు ముందు ప్రమాదమే కనిపిస్తుంది.

“అమ్మా, ఇంకా ఒక్క అరుపు కూడా అరవలేదు. ముందు కాసిని నీళ్లియ్యి,” అంది.

అది గొంతు అరువిచ్చే పని చేస్తుంది. అప్పటిదాకా సబ్బుల ప్రకటనలు చెప్పింది. ‘మీరు వరుసలో ఉన్నారు, దయచేసి వేచి ఉండండి’ అని ఫోన్లలో వినిపించే గొంతు ఒకటి దానిదే. ఎంతమంది ఆ గొంతుని తిట్టుకుని ఉంటారో అని నేను అప్పుడూ భయపడ్డాను. ఇప్పుడు వచ్చింది మాత్రం కార్టూన్ సీరియల్. అందులోనూ గాలిదుప్పటి.

గాలిదుప్పటి బొమ్మల పుస్తకాల్లో వీరుడు. పెద్ద పెద్ద కరెంటు స్తంభాలెక్కి తీగలు బిగించే మనిషి. ఒక తుఫానులో ఆయన భుజాల మీది దుప్పటిలోకి గాలి దూరి ఇక బయటికి పోలేదట. అప్పట్నుంచి ఎగురుతాడు, జనాన్ని కాపాడతాడు, ఎప్పుడో ఒక మాటకి తప్ప పెదవి విప్పడు. చాలా ఏళ్ల తర్వాత వచ్చిన పుస్తకాల్లో ముసలివాడైపోయి, ఆ దుప్పటిని బస్సు తోలే ఒక అమ్మాయికి ఇచ్చేస్తాడు. మా అమ్మాయి చెప్పాల్సింది ఆ బస్సు అమ్మాయి మాటలు.

ఇవన్నీ నాకు మా తమ్ముడి వల్ల తెలుసు. వాడికి కళ్లద్దాల షాపు ఉంది, పెళ్లి లేదు. ఉన్న ప్రేమంతా ఆ పుస్తకాల మీద, మా అమ్మాయి మీద పెట్టుకున్నాడు. దానికి అక్షరాలు రాకముందే ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక్కో బొమ్మకి ఒక్కో గొంతు పెట్టి చదివి వినిపించేవాడు. గొంతులు మార్చడం అది నేర్చుకున్నది వాడి ఒళ్లోనే. దానిది పుట్టుకతోనే కాస్త బొంగురు గొంతు. అందుకని దాన్ని ‘బొంగురూ’ అనే పిలుస్తాడు. ఆ పిలుపు ఇంకెవరి నోట వచ్చినా మా అమ్మాయి ఊరుకోదు.

“మామయ్యకి చెప్పావా?” అన్నాను.

“ఎవరికీ చెప్పకూడదు. ఆఖరి భాగం అయ్యేదాకా ఏ గొంతు ఎవరిదో బయటపెట్టరట. నీకు చెప్పడమే తప్పు.”

“మామయ్యకి కూడానా?”

“మామయ్యకి అసలే చెప్పను. చెప్పక్కర్లేదమ్మా. మొదటి మాట వినగానే కుర్చీలోంచి లేస్తాడు చూడు.”

దాని మొహం అప్పుడు ఎలా వెలిగిపోయిందో నాకు ఇప్పటికీ గుర్తే. సబ్బుల ప్రకటన వచ్చినప్పుడు ఆ వెలుగు లేదు.

ఎండాకాలం నాకు ఊపిరాడని కాలం. బడులు తెరిచేలోపు యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి. కుట్టినవన్నీ చిన్నగదిలో తాళ్ల మీద వేలాడుతుంటాయి. ఆ బట్టల మధ్యలో నిలబడి అది సాధన చేసేది. మాట గోడకి తగిలి వెనక్కి రాకుండా బట్టలు పట్టుకుంటాయట. “మిషన్ ఆపమ్మా” అని కేకేసేది. నేను కాలు తీసి ఊరుకుంటే, లోపల్నుంచి “అందరూ వెనక్కి జరగండి!” అని ఒక అరుపు వచ్చేది. నరాలు తెగుతాయేమోనని నా భయం. గోరువెచ్చని నీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని.

సీరియల్ మరుసటి ఎండాకాలం మొదలైంది, శనివారం సాయంత్రాలు వచ్చేది. మా తమ్ముడు షాపు తొందరగా మూసేసి మా ఇంటికి వచ్చేవాడు, మా టీవీ పెద్దది కాబట్టి. మొదటి రెండు వారాలూ ముసలాయన కథే నడిచింది. వాడి కళ్లల్లో నీళ్లు. “స్తంభం మీద నిలబడే తీరు చూడక్కా, అచ్చం పుస్తకంలోలాగే!” అని నా భుజం పట్టుకుని ఊపేశాడు. మూడో వారం ఆయన దుప్పటి విప్పి బస్సు అమ్మాయి భుజాల మీద వేశాడు. ఆమె బస్సు దిగి, వంతెన మీదికి నడిచి, మొదటిసారి నోరు తెరిచింది.

“అందరూ వెనక్కి జరగండి!”

మా అమ్మాయి టీవీ చూడటం లేదు. మామయ్య మొహం చూస్తోంది.

వాడు కుర్చీలోంచి లేచాడు.

“ఏంటిది? ఏంటీ గొంతు? జలుబు చేసిన బాతు!”

అమ్మాయి పెదాల మీది నవ్వు అలాగే ఉంది. తీసేయడం మరిచిపోయినట్టు ఉంది.

“అంత బాగోలేదా మామయ్యా?” అని అడిగింది.

“గొంతు సంగతి తర్వాత. అసలు ఈవిడెందుకిక్కడ? గాలిదుప్పటి అంటే ఆయన. స్తంభాలెక్కి బతికినవాడు. గాలంటే ఏంటో ఆయనకి తెలుసు. బస్సు తోలేదానికి ఏం తెలుసు? హారన్ తెలుసు.”

“పుస్తకంలో ఉన్నదే కదా. ఆయనే ఇచ్చాడు కదా దుప్పటి.”

“ఏ పుస్తకంలో? ఆఖరి పుస్తకాల్లో! అప్పటికి బొమ్మలేసినాయన పోయాడు, రాసినాయన మానేశాడు. వాటిని మేం లెక్కలోకే తీసుకోం.”

“మేం అంటే ఎవర్రా?” అన్నాను నేను.

“అభిమానులం.”

“రాసి అచ్చేసినవాళ్ల మాట లెక్కలోకి రాదు, కొనుక్కుని చదివినవాళ్ల మాట వస్తుందా? ఇదెక్కడి న్యాయం?”

“అక్కా, నీకు తెలీదు, నువ్వూరుకో.”

ఊరుకున్నాను. ఊరుకోక ఏం చెయ్యను? అమ్మాయి నా వైపు చూసిన చూపు అలాంటిది.

తర్వాతి వారంలో తెలిసింది, లోకమంతా రెండు జట్లయిందని. పాత దుప్పటి వాళ్లు, కొత్త దుప్పటి వాళ్లు. ఇంత గొడవ నీళ్లు రానప్పుడు కూడా మా వీధిలో జరగలేదు. పాతవాళ్లు ‘మా ఆయన్ని మాకు తిరిగివ్వండి’ అంటారు. కొత్తవాళ్లు ‘ఆయనకి నడుం నొప్పి, వదిలెయ్యండి పాపం’ అంటారు. అంతవరకూ అయితే నేనూ నవ్వేదాన్ని. కానీ పాతవాళ్లు రాన్రాను ఆ బొమ్మని వదిలేసి గొంతు మీద పడ్డారు. బొమ్మ ఏడవదు కదా. గొంతుకయితే మనిషి ఉంటుంది, తగులుతుంది.

అందరికంటే ముందు తగిలేలా కొట్టినవాడు నా తమ్ముడు.

ఆదివారం భోజనానికి వచ్చి, కంచం ముందు కూర్చుని, ఫోన్‌ని నీళ్ల చెంబుకి ఆనించి నిలబెట్టాడు. “చూడండి, ఎంతమంది చూశారో!” అన్నాడు. వీడియోలో వాడే. వెనక షాపులో కళ్లజోళ్లన్నీ వరుసగా మెరుస్తున్నాయి. మెడ ముందుకు చాచి, ముక్కు పట్టుకుని, “అందరూ వెనక్కి జరగండి” అన్నాడు. దగ్గాడు. మళ్లీ అన్నాడు. ఆ తర్వాత కెమెరాలోకి చూసి, “నాకొక మేనకోడలుంది. పుట్టు బొంగురు. ఒట్టేసి చెప్తున్నా, దీనికంటే దాని గొంతే నయం!” అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. కూర వాడి కంచంలో వెయ్యనా, నెత్తిన వెయ్యనా అన్నట్టుంది నా పరిస్థితి.

“ఆ దగ్గు బాగా పట్టావు మామయ్యా,” అంది అమ్మాయి.

“చూశావా! కళ తెలిసినదానివి నువ్వు, నీకు అర్థమవుతుంది,” అన్నాడు వాడు.

అది కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను నోరు తెరిచాను. “ఒరేయ్, నువ్వసలు ఎవరి గొంతు...”

“అమ్మా! ఉప్పెక్కడుంది?” అని లోపల్నుంచి కేక.

లేచి వెళ్లాను. ఉప్పు డబ్బా దాని కళ్లెదురుగానే ఉంది. అది సింకు మీదికి వంగి కుళాయి పూర్తిగా తిప్పేసి నిలబడింది. నీళ్లు నా చీర మీద చిందుతున్నాయి.

“చెప్పెయ్యనివ్వవే. వాడికి తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతాడు.”

“తనంతట తనకే తెలియాలని నేననుకున్నాను అమ్మా. నువ్వు చెప్తే తెలియడం వేరు.”

వీడియో చూసి ఇంకొకడు చేశాడు. వాడిని చూసి ఇంకొకడు. ముక్కు పట్టుకున్న బాతులు ఎక్కడ చూసినా. బజారులో దారం కొనడానికి వెళ్తే ఇద్దరు పిల్లలు ఒకర్నొకరు తోసుకుంటూ “అందరూ వెనక్కి జరగండి” అని దగ్గుతున్నారు. మా ఇంటి చిన్నగదిలో పుట్టిన మాట అది! దాని ముక్కు పట్టుకున్నారు. ఆ గొంతు తీసెయ్యాలని సంతకాలు కూడా మొదలుపెట్టారు. ఒకడు రాశాడు, ‘దీన్ని నోరు కట్టేసి బస్సు కింద పడుకోబెట్టాలి’ అని. ఆ మాట చదివిన రోజు నుంచీ అమ్మాయి ఇల్లు దాటితే నేను కూడా వెనక వెళ్లి బస్సెక్కేదాకా నిలబడేదాన్ని. తనెవరో బయటపడలేదని దానికి ధైర్యం. ఎప్పటికైనా పడుతుందని నా భయం.

స్టూడియోలో సౌండ్ చూసే ఆయన మంచివాడు. ఆయనే దానికి చెప్పాడట, పైవాళ్లు వణికిపోతున్నారని. వచ్చే సీజన్‌కి ముసలాయన్నే తిరిగి తేవాలా, లేకపోతే బస్సు అమ్మాయిని ఉంచి గొంతు మార్చాలా అని మాట్లాడుకుంటున్నారని. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచుదామన్న మూడో మాట ఎవరూ అనటం లేదని.

నాకు ఒళ్లు మండిపోయింది. కుడుతున్న నిక్కరు మిషన్ మీదే వదిలేసి తమ్ముడి షాపుకి వెళ్లాను.

కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు, మొహం మీద కళ్ల పరీక్షకి పెట్టే బరువైన ఇనప చట్రం పెట్టుకుని. తమ్ముడు అందులో అద్దాలు మారుస్తున్నాడు.

“ఆ వీడియో తీసెయ్యి,” అన్నాను.

“ఏ వీడియో?”

“బాతుది.”

“ఓ, అది మీరేనా?” అన్నాడు చట్రంలోంచి పెద్దాయన. “మా మనవలు కొత్తామె పార్టీ అండీ. మీ మొహం కనిపిస్తే ఫోన్ విసిరేస్తున్నారు.”

“పై వరస చదవండి సార్,” అన్నాడు తమ్ముడు.

“ఆ పిల్ల ఎవరో ఏమో, దానికి తల్లి ఉండదా?” అన్నాను. “ఆ తల్లికి ముద్ద దిగుతుందా ఈ పాటికి?”

“నేను మనిషిని అనటం లేదక్కా. గొంతుని అంటున్నాను.”

“గొంతు ఎక్కడుంటుందిరా, మనిషిలో కాక? చెట్టుకి కాస్తుందా?”

“బాగా అడిగారమ్మా,” అన్నాడు పెద్దాయన.

“సార్, వరస!” అని వాడు ఆయన మీద విసుక్కుని, నా వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. “చిన్నప్పుడు నాన్న చనిపోయిన ఏడాది నేనెలా బతికానో నీకు తెలీదా? ఆ పుస్తకాలు పట్టుకునే కదా. స్తంభం మీద ఒంటరిగా నిలబడి భయపడని మనిషి ఒకడున్నాడని. ఆయన్ని తీసి పక్కన పడేస్తే చూస్తూ కూర్చోమంటావా?”

నాకు తెలుసు. మంచం కింద దూరి ఆ పుస్తకాలు చదువుకునేవాడు, అన్నం పళ్లెం నేను లోపలికి తోసేదాన్ని. తెలుసు కాబట్టే కోపం ఇంకా ఎక్కువైంది. తాను దాక్కున్న చోటికి ఇంకొకరు వస్తే కరవడమేనా?

“నీకు ఇష్టమైనవాణ్ణి నువ్వు నెత్తిన పెట్టుకో. ఇంకొకరి ముక్కు పట్టుకోకు,” అని వచ్చేశాను. అసలు మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మాయి కోసం మింగేశాను.

వాడు వీడియో తియ్యలేదు.

ఆఖరి భాగం వచ్చిన సాయంత్రం కూడా వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. తిట్టడానికైనా ఒక్క వారం మానలేదు మరి. కథ అయిపోయింది, పాట మొదలైంది, పేర్లు పైకి వెళ్తున్నాయి. పేర్లన్నీ చదవడం వాడి అలవాటు. మిగతావాళ్లు లేచిపోతే వాళ్లు అభిమానులే కాదంటాడు. ఆ వేళ మరీ గట్టిగా చదివాడు, బస్సు అమ్మాయి గొంతు ఎవరిదో తెలిస్తే అందరికీ చెప్పాలని ఫోన్ చేతిలో పట్టుకుని.

“స్తంభాల పెద్దాయనకి గొంతు...” అని ఒక పేరు చదివాడు. “ఆహా, మహానుభావుడు. బస్సు అమ్మాయికి గొంతు...”

మా ఇంటిపేరు చదివాడు. అమ్మాయి పేరులో మొదటి సగం చదివాడు.

పాట సాగుతూనే ఉంది. వాడు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకునేసరికి పేర్లు వెళ్లిపోయాయి. అమ్మాయి లేచి చిన్నగదిలోకి వెళ్లింది. తలుపు చప్పుడు చెయ్యకుండా వేసుకుంది. వాడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. “భోంచేసి వెళ్లరా” అని నేను అనలేదు.

మర్నాటికల్లా అందరికీ తెలిసిపోయింది, గొంతు ఎవరిదో, బాతు చేసినవాడు దానికి ఏమవుతాడో. వాడు వీడియో తీసేశాడు. తీసేస్తే ఏం, ఎవరి ఫోన్లో చూసినా అదే. గొంతు గురించి అన్నవి తప్పని ఇంకో వీడియో పెట్టాడు. దాన్ని ఎవరూ చూడలేదు. చూసిన నలుగురూ మేనకోడలు కాబట్టి జట్టు మార్చాడని వాడినే తిట్టారు. కావలసిందే అనుకున్నాను.

అమ్మాయి మాట్లాడటం మానేసింది.

మొదట ఊ, ఊహూ అనేది. తర్వాత అదీ లేదు, తల ఊపడమే. నేను మొదట్లో భయపడ్డది ఇదే కదా, గొంతు పోవడం. డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. నోట్లో లైటు వేసి చూశాడు.

“గొంతుకేం లేదమ్మా. మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడుతుంది.”

“అనిపించకపోతే?”

ఆయన తర్వాతి వాళ్లని పిలిచాడు.

అది రోజంతా చిన్నగదిలో బట్టల మధ్య కూర్చునేది. నేను మిషన్ తొక్కుతూనే చెవి అటు పెట్టేదాన్ని. బడులు తెరిచే రోజులు దగ్గరపడి, వచ్చినవాళ్లు వచ్చినట్టు యూనిఫారాలు పట్టుకుపోతున్నారు. ఒక్కొక్క జత తీసినప్పుడల్లా దాని చుట్టూ గది ఖాళీ అవుతోంది.

తమ్ముడు షాపు మధ్యలో వదిలేసి వచ్చేవాడు. గుమ్మంలో కూర్చునేవాడు. నేను మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. వాడు అడగలేదు.

ఒక మధ్యాహ్నం సౌండాయన నాకు ఫోన్ చేశాడు. అమ్మాయి ఎత్తటం లేదట.

“అమ్మా, పైవాళ్లని నేను ఒప్పించాను. బస్సు అమ్మాయే ఉంటుంది, గొంతూ తనదే. కానీ తను సరే అనాలి. ఈ సాయంత్రంలోగా అనకపోతే ఇంకో అమ్మాయిని పిలుస్తారు, సిద్ధంగా ఉంచారు కూడా.”

“సరే అంటోందండీ,” అన్నాను.

“తన నోటితో అనాలమ్మా. తర్వాత రికార్డింగ్‌లో నోరు విప్పకపోతే నా ఉద్యోగం పోతుంది.”

ఫోన్ పెట్టేసి గుమ్మంలో ఉన్న తమ్ముడికి వినపడేలా అంతా చెప్పాను, తలుపు వెనక ఉన్నదానికీ వినపడేలా. “వింటున్నావా? రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చుకున్నదాన్ని నీ దగ్గు మింగేసింది. ఇప్పుడు కూర్చో గుమ్మంలో బొమ్మలా!”

వాడు లేచి చిన్నగది తలుపు దగ్గరికి వెళ్లాడు. తలుపు ఓరగా తెరిచే ఉంది. అది నేల మీద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుంది. దాని పైన వేలాడుతున్నవి ఇంకా రెండు మూడు జతలే.

“బొంగురూ,” అన్నాడు. అది కదల్లేదు. “నాకిప్పటికీ ఆయనే ఇష్టం. నీతో అబద్ధం చెప్పను.”

“ఓరి నీ దుంపతెగ! ఇదా నువ్వు చెప్పుకునే తప్పు?” అన్నాను. చేతిలో కత్తెర ఉందని కూడా చూసుకోలేదు.

“ఉండక్కా. ఆయనే ఇష్టం. గొంతు గురించి నేను కూసింది మాత్రం దుర్మార్గం. పుట్టినప్పట్నుంచీ నా పక్కన వినపడే గొంతు, తెర మీదికెళ్తే పోల్చుకోలేకపోయాను. వినలేదే నేను. వినకముందే లేచాను.”

అమ్మాయి తల ఎత్తలేదు.

వాడు అక్కడే గుమ్మానికి ఆనుకుని కూలబడ్డాడు. తర్వాత, తప్పు చెప్పుకునే గొంతుతో కాదు, పుస్తకం మధ్యలో అనుమానం వచ్చినవాడి గొంతుతో అడిగాడు.

“ఆఖరి భాగం మళ్లీ మళ్లీ చూశాను. ఆమె బస్సు పైన నిలబడుతుంది. దుప్పటి లేస్తుంది. పుస్తకంలో అక్కడ ఆగడం లేదు, ఒక బొమ్మలో నిలబడింది, పక్క బొమ్మలో ఎగిరింది. నువ్వు ఊపిరి తీసి ఆగావు. నీ గొంతు ఆగితే బొమ్మని కూడా ఆపారు వాళ్లు. ఎందుకాగావు? పెద్దాయనైతే ఆగడు.”

నేను మిషన్ ముందు కూర్చున్నాను గాని కాలు వెయ్యలేదు. బయట ఎవరో గేటు తీసి, యూనిఫారం తయారైందా అని అడిగారు. చెయ్యి ఊపి పంపేశాను. ఎండ గుమ్మం మీంచి వాడి మోకాలి దాకా పాకింది. ఫోన్ నా ఒళ్లోనే ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇక ఇంతే, ఈ పిల్ల ఇక ఇంతే అనుకున్నాను.

లోపల గొంతు సవరించుకున్న చప్పుడైంది.

“బస్సులో జనం ఉన్నారు కదా మామయ్యా,” అంది. మాట బరబరలాడుతూ వచ్చింది. “పెద్దాయన వెనక ఎవరూ లేరు, స్తంభం మీద ఒక్కడే. ఈమె అలా ఎలా ఎగురుతుంది? అందరూ దిగారో లేదో వెనక్కి చూసుకోవాలి. అందుకే ఆగాను. వచ్చే సీజన్‌లోనూ ఆగుతాను.”